బంగారు గింజలను దంపవలెనా?

మునుపొకచోట చూచిన దేవదత్తుని వేఱొకచోట, వేఱొక కాలమున చూచి, 'ఆ దేవదత్తుడే యీతడు' అని గుర్తించునప్పుడు మనము నిజముగా గుర్తించునది దేనిని? నాటి దేశమును కాదు, నేటి కాలమును కాదు. పరస్పరవిరుద్ధములైన ఆ విశేషణములను రెండువైపులను విడిచి, మిగిలిన వ్యక్తిని మాత్రమే గ్రహించుచున్నామని అద్వైతులు సమాధానము చెప్పి, జీవబ్రహ్మైక్యమును నిరూపించుటకు సైతము ఈ త్రోవనే త్రొక్కిరి. బౌద్ధులు దీనికి సమ్మతింపలేదు. క్షణక్షణమును పుట్టి నశించు పరంపరయే కాని నిలిచియుండు దేవదత్తుడొకడు లేడనిరి. చార్వాకుడు మఱింత మోటుగా, దేహమే దేవదత్తుడనెను. ఈ వివాదము తీఱినదని ఇంతవఱకు ఎవ్వరును ప్రకటించి యుండలేదు. నేనిప్పుడు దీనిని మరల తడవుటకు కారణము మఠములలో లేదు, కంప్యూటర్లలో నున్నది.

ఒకరి మాట మఱియొకరికి చేరులోపల మూడవవాని కంట పడకుండ కాపాడు ప్రోగ్రాములు నేడు బ్యాంకు లావాదేవీలకును, ఆసుపత్రి రికార్డులకును, ఫోనులో పంపుకొను కుశలప్రశ్నలకును ఆధారములై యున్నవి. ఈ రక్షణకార్యమును ప్రతి ప్రోగ్రామరును మొదటినుండి తానే వ్రాసికొనడు, వ్రాసికొనకుండుటే మేలు. ఎవరైనను చదివి, దిద్ది, వాడుకొనుటకు వీలుగా బయటనుంచిన ఓపెన్ సోర్స్ లైబ్రరీలు కలవు. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఓపెన్ఎస్ఎస్ఎల్. ఆస్ట్రేలియాలో ఎరిక్ యంగ్, టిమ్ హడ్సన్ అను నిరువురు 1995లో ప్రారంభించిన యొక కృతినుండి 1998 చివర నిది వెలువడినది. ఇంటెల్ ప్రాసెసరు మీదను, ఆర్మ్ మీదను, స్పార్క్ మీదను; లినక్సులోను, విండోసులోను, వీఎంఎస్ అను పాతకాలపు వ్యవస్థలోను అది నడువవలసి వచ్చెను. ఒక వ్యవస్థకై వ్రాసినదానిని మఱియొక వ్యవస్థలో నిలుపుటను ప్రోగ్రామర్లు పోర్టింగ్ అందురు. ఇట్లు దేహము మాఱిన పిదప 'ఇది ఆ లైబ్రరీయే' యని చెప్పుటకు ప్రమాణమేమి?

కొంతదూరము వఱకు సమాధానము సులభము. ఎస్‌హెచ్‌ఏ-256 అను గణనకు 'ఏబీసీ' అను మూడు ఆంగ్లాక్షరముల నొసగినచో రావలసిన 256 బిట్ల ఫలము ముందే నిర్ణయింపబడి ప్రకటింపబడి యున్నది. ఏ యంత్రముపై నడిపినను అదియే రావలెను. యంత్రములు మాత్రము ఏకరీతిగా నుండవు. ఒక పెద్ద సంఖ్యను మెమరీలో నుంచునపుడు కొన్ని పెద్దస్థానము మొదలుకొనియు, కొన్ని చిన్నస్థానము మొదలుకొనియు వ్రాయును. 1980లో డానీ కోహెన్ ఈ రెండు పక్షముల కలహమును మతయుద్ధముగా వర్ణించి, శాంతిని కోరుచు నొక వ్యాసము వ్రాసెను. శాసనములలోను కావ్యాంతములలోను శకవర్షమును భూతసంఖ్యలతో చెప్పిన మన పూర్వులు ఒకట్లస్థానమునే ముందుగా చెప్పి, అంకెల నడకను ఎడమవైపునకు నియమించిరి గావున, ఆ యుద్ధములో మన పండితులు ఏ పక్షమున నుందురో వేఱుగా చెప్పనక్కఱలేదు. ఇట్టి భేదములన్నియు ఎఱ్ఱని పువ్వు చెంతనుంచిన స్ఫటికమున కనిపించు నెఱుపువంటివి. పోర్టు చేయువాడు వాని నెఱిగి తొలగించును, ఫలము సరిచూచుకొనును, దేవదత్తుడు దొరకును. ఇంతవఱకు అద్వైతిదే జయము.

అయితే సరియైన ఫలము వచ్చినంతమాత్రమున రహస్యము నిలుచునా? రహస్యమును కాపాడవలసినవానికి తెలిసికొనుట యెంత ముఖ్యమో మఱచుట యంత ముఖ్యము. ఒక చిన్న ఫంక్షనును దగ్గఱగా చూతము. అది పాస్‌వర్డును పుచ్చుకొని, దానినుండి కీని, అనగా గుప్తలిపికి తాళపుచెవియైన రహస్యసంఖ్యను, తయారుచేసి, పని ముగించి, వెడలిపోవుటకు ముందు కీ యుండిన మెమరీని సున్నలతో నింపును. ఆ చివరి పంక్తి వ్రాసినవాని ఉద్దేశము స్పష్టము: తరువాత అచ్చటికి వచ్చువారికి ఏమియు దొరకరాదు. కాని ఆ వ్రాతను యంత్రభాషలోనికి మార్చు కంపైలరు దానిని మఱియొక దృష్టితో చదువును. ఈ సున్నలను ఇకమీద నెవ్వరును చదువుట లేదు; ఎవ్వరును చదువని వ్రాత వ్యర్థము; వ్యర్థమును తీసివేసినచో వేగము పెరుగును. ఇట్లు తలంచి ఆ పంక్తిని నిశ్శబ్దముగా తొలగించును. సీ భాషాశాస్త్రము ననుసరించి కంపైలరు చేసినది దోషము కాదు, ఏలయన 'రహస్యము' అను పదార్థము ఆ శాస్త్రములోనే లేదు. అందువలన ఓపెన్‌బీఎస్‌డీ అను ఆపరేటింగ్ వ్యవస్థవారు ఎక్స్‌ప్లిసిట్ బీజీరో అనియు, మైక్రోసాఫ్టువారు సెక్యూర్ జీరో మెమరీ అనియు, తొలగింపరాని తుడిచివేతలను ప్రత్యేకముగా కల్పింపవలసి వచ్చెను. మూలమునందలి యొక్క యక్షరమైనను మాఱకుండ, ఒక కంపైలరు చేతిలో మఱచునది వేఱొక కంపైలరు చేతిలో మఱవకుండుట చూచినచో, స్ఫటికము స్ఫటికముగనే యున్నదని చెప్పుటకు నోరు రాదు.

కాలము సంగతియు నట్టిదే. కీలోని అంకెలనుబట్టి గణనకు పట్టు సమయము మాఱినచో, ఆ సమయమును కొలిచి కీని ఊహింపవచ్చును. కావున ఏ అంకెలైనను ఒకే సమయము పట్టునట్లు జాగ్రత్తతో వ్రాయుదురు. అట్లు వ్రాసినదానినే కార్టెక్స్-ఎం3 అను చిన్న ప్రాసెసరుపై నిలిపినచో, అందలి పెద్ద గుణకారమునకు పట్టు కాలము గుణింపబడు అంకెలనుబట్టి మాఱును. రచయిత తీసికొన్న జాగ్రత్త యంతయు అచ్చటితో సరి.

వీనికంటెను గంభీరమైనది యాదృచ్ఛికసంఖ్యల విషయము. ఊహింపరాని సంఖ్యనుండి పుట్టినదే మంచి కీ. ఆ ఊహింపరానితనము లైబ్రరీ పాఠములో నుండజాలదు, ఏలయన పాఠమును లోకమంతయు చదువుచున్నది. అది యంత్రమునుండియే రావలెను. డెబియన్ లినక్సుకై ఓపెన్ఎస్ఎస్ఎల్‌ను సిద్ధపఱచుచు, 2006లో, మెమరీ తనిఖీ సాధనము సణుగుచున్నదని రెండు పంక్తులను తీసివేసిరి. ఆ తీసివేతవలన కీకి బీజముగా మిగిలినది, నడచుచున్న ప్రోగ్రామునకు వ్యవస్థ యిచ్చు ప్రాసెస్ సంఖ్య యొక్కటియే. అది 32,768 రీతులకు మించదు. 2008 మే 13న ఈ సంగతి బయటపడువఱకు ఆ వ్యవస్థలో పుట్టిన కీలను పట్టికవేసి చదువవచ్చునని సామాన్యవినియోగదారు లెఱుగరు. వింత యేమనగా, 32 బిట్ల యంత్రమున పుట్టిన బలహీనపు కీలు వేఱు, 64 బిట్ల యంత్రమున పుట్టినవి వేఱు. దోషము సైతము ఉపాధియైన యంత్రము ననుసరించి రూపాంతరము పొందినది.

ఇవి చూచి చార్వాకునికి జయపత్రము వ్రాసి యిత్తమా? విడివిడిగా మత్తులేని ద్రవ్యములు కలసి పులిసినప్పుడు మత్తు పుట్టినట్లు, పాఠము, కంపైలరు, ప్రాసెసరు, వ్యవస్థ కలసినప్పుడే భద్రత పుట్టుచున్నదని యతడు చెప్పినచో కాదనజాలము. అయినను అతనికొక ప్రశ్న మిగులును. దేహమే సర్వమైనచో, ఆ దేహమున జరిగినది జరిగినట్లే ఒప్పుకొని యూరకుండవలెను గదా. 'ఇచ్చట ఇది చెడినది' యని మనమెట్లు చెప్పగలుగుచున్నాము? చెడుట యనునది ఒక సంకల్పము నపేక్షించి చెప్పు మాట. 'మూడవవాడు దీనిని చదువకుండుగాక' అను సంకల్పము పాఠములోను లేదు, యంత్రములోను లేదు; అయినను రెంటిని తూచుటకు అదియే తూనిక. దేహము మాఱినను మాఱని వస్తువును వెదకుచు మనము వేదాంతుల యింటికి పోయితిమి కాని, సంకల్పించిన క్రియ స్థలాంతరమున చెడకుండుట యెట్లని విచారించినవారు మీమాంసకులు. నా మట్టుకు, పోర్టింగ్ ఆత్మవిచారముకంటె యజ్ఞవిచారమునకే దగ్గఱ.

వారి విధానమిది. అంగములన్నిటితో విధింపబడిన యాగము ప్రకృతి. దానిని చూచి చేయవలసినది వికృతి. ప్రకృతిలోని అంగములు వికృతికి సంక్రమించును. అయితే అగ్నికి బదులు సూర్యుడు దేవత యైనచోట మంత్రములోని పేరును మార్చి చదువవలెను. ఇది ఊహ. ఇంకొకటి బాధ: ఆయుష్కాముడు ధాన్యమునకు బదులు కృష్ణలములను, అనగా బంగారు తునకలను, నేతిలో వండు చరువొకటి కలదు. ప్రకృతిలో ధాన్యమును దంపవలెనని యున్నది. వికృతిలో బంగారమును దంపవలెనా? దంపుట ఊక పోవుటకు. బంగారమునకు ఊక లేదు. కావున దంపుడు లేదని మీమాంసాసూత్రకర్తయైన జైమిని సిద్ధాంతము. ప్రయోజనము పోయినచోట అంగమును విడువకుండుట భక్తి కాదు, అవివేకము.

ఓపెన్ఎస్ఎస్ఎల్ చరిత్రలో ఈ యవివేకమునకు పేరెన్నికగన్న ఉదాహరణ మొకటి గలదు. కొన్ని వ్యవస్థలలో మెమరీ కేటాయింపు మందకొడిగా నుండెనని, విడిచిన మెమరీని వ్యవస్థకు మరల నొప్పగింపక తనయొద్దనే యుంచుకొని తిరిగి వాడుకొను నేర్పాటును ఆ లైబ్రరీలో పెట్టిరి. మందకొడితనము లేని వ్యవస్థలలోను దానిని నడపిరి. మంచి వ్యవస్థలు మెమరీ దుర్వినియోగమును పట్టుకొనుటకు చేసికొన్న కాపలాలు, ఆ మెమరీ తమ చేతికి రానేరాకపోవుటచే, ఊరకుండిపోయినవి. 2014 ఏప్రిల్ 7న హార్ట్‌బ్లీడ్ లోపము బయటపడినది. ఎదుటివాడు తాను పంపినదానికంటె ఎక్కువ నిడివిని చెప్పినచో, నమ్మి, ఒక్కొక్కమాఱు 64 కిలోబైట్ల వఱకు పరాయి మెమరీని ఒప్పగించు లోపమది. లోపమునకు కారణము పోర్టింగ్ కాదు. కాని బంగారు గింజలను దంపిన రోకలిపోటు అప్పుడు అందఱికిని వినబడెను. ఆ నెలలోనే ఓపెన్‌బీఎస్‌డీవారు ఆ కోడును విడదీసికొని లిబ్రెఎస్ఎస్ఎల్ అను పేర వేఱు కాపురము పెట్టి, వీఎంఎస్ మొదలగువానికై చేర్చిన భాగములను తొలగించి, మొదటి వారములోనే తొంబదివేల పంక్తులకు పైగా కొట్టివేసిరి. వారి పద్ధతి మీమాంసకుల పద్ధతియే: ఓపెన్‌బీఎస్‌డీ ప్రకృతి, ఇతర వ్యవస్థలకు కావలసిన ఊహబాధలు ప్రత్యేకముగా పోర్టబుల్ భాగములో నుండును, మూలము నవి మలినపఱుపరాదు.

ఈ పద్ధతియు చిక్కులేనిది కాదు. 2014 జూలై 11న పోర్టబుల్ కూర్పు వెలువడినది. కొద్దిదినములకే లినక్సుపై నొక లోపము కనబడెను. ఒక ప్రాసెస్ తనవంటి బిడ్డను పుట్టించునపుడు ఇద్దఱియొద్దను ఒకే యాదృచ్ఛికసంఖ్యల వరుస యుండును గనుక, బిడ్డ ఆ వరుసను మార్చుకొనవలెను. ప్రాసెస్ సంఖ్య మాఱినదా యని చూచి బిడ్డయా, తల్లియా యని తెలిసికొనుచుండిరి. తల్లి గతించిన పిదప మనుమనికి ఆమె సంఖ్యయే వచ్చినచో? మనుమడు తానే అవ్వనని తలంచి, ఆమె యిచ్చిన సంఖ్యలనే మరల నిచ్చెను. సవరణ త్వరలోనే వచ్చినది. ప్రతినిధి యెట్లుండవలెనను ప్రశ్న మాత్రము నిలిచినది. వరిధాన్యము దొరకనిచో దానిని పోలిన నీవారమును గ్రహింపవచ్చునని మీమాంసకు లొప్పుకొనిరి; నీవారమును పోయినచో నీవారమును పోలినదానిని కాక, మొదటి వరిని పోలినదానినే వెదకవలెననిరి. ఒక పోర్టును చూచి మఱియొక పోర్టు చేయువా రెందఱో ఈ నియమము నెఱుగరు. దేవతకును మంత్రమునకును ప్రతినిధి లేదనియు శాస్త్రము. ఊహింపరానితనము ధాన్యమువంటి ద్రవ్యమా, దేవతయా?

లిబ్రెఎస్ఎస్ఎల్ వ్రాసినవారి కీ ప్రశ్న నిజముగనే యెదురైనది. ఓపెన్‌బీఎస్‌డీలో వ్యవస్థకు గుండెయైన కెర్నెలు నడిగినచో యాదృచ్ఛికసంఖ్య వచ్చును. నాటి లినక్సులో దానికొక ఫైలును తెఱువవలెను. ఫైళ్లు తెఱచు పరిమితి నిండియున్నను, బంధించిన స్థలములో ఆ ఫైలే లేకున్నను త్రోవ మూసికొనిపోవును. అప్పుడు రెండే గతులు: గడియారములనుండియు మెమరీ చిరునామాలనుండియు ఏరుకొని యేదో యొక సంఖ్యను కల్పించుట, లేక ప్రాసెసే తన ప్రాణము తీసికొనుట. కోడులో రెండు త్రోవలును వ్రాసియుంచి, ఆ కోడును నిర్మించుకొనువారి యిష్టమునకు విడిచిరి. నిత్యకర్మను అంగలోపమున్నను యథాశక్తి చేయవలెననియు, కామ్యకర్మను సర్వాంగములతో చేయగలిగిననే చేయవలెననియు మీమాంసకుల నిర్ణయము. ఒక నిర్దిష్టఫలమును కోరి చేయునది గావున గుప్తీకరణము కామ్యమనియే నా యభిప్రాయము. అంగహీనమైన కామ్యము ఫలమియ్యదు; పైగా ఫలించినదను భ్రమతో యజమానుడు తన సర్వస్వమును దానికి అప్పగించును. ప్రాణత్యాగమే ఉచితము.

కాని యజమానుని అడిగినచో? 2014 చివర లినక్సు 3.17లో గెట్‌ర్యాండమ్ అను పిలుపు వచ్చినది. యంత్రము మేల్కొనిన తొలినిమిషములలో తగినంత యాదృచ్ఛికత పోగుపడనిచో, అది అసత్యమును చెప్పదు, వేచియుండుమనును. ఐదేండ్లకు, 2019లో, డిస్కుపని తగ్గించు సవరణ యొకటి రాగా, పోగుపడవలసినది పోగుపడక, కొన్ని యంత్రములు తెఱ వెలుగకయే నిలిచిపోయినవి. వానిని వాడువారికి నీవారము గుఱించియు వరి గుఱించియు చర్చ అక్కఱలేదు; కంప్యూటరు లేచిన చాలును. 5.4 కూర్పులో లినక్సు పెద్దలు ఒక త్రోవ తీసిరి: కాచుకొనుటకు మాఱుగా, యంత్రము తన పనులకు పట్టు కాలములోని సూక్ష్మమైన హెచ్చుతగ్గులనే కొలుచుకొని, వానినుండి యాదృచ్ఛికతను పుట్టించుకొనును. పెద్ద ప్రాసెసర్లలో ఆ హెచ్చుతగ్గులు పుష్కలము. అతిసరళమైన చిన్న చిప్పులలో, ఎన్నిమాఱులు కొలిచినను కాలము ఇంచుమించు ఒకటియే.