కొండమీది ద్రాక్షతోట

కాలిఫోర్నియాలో కూపర్టినో పైన కొండమీద రిడ్జ్ అనే ద్రాక్షతోట ఉంది. 1959లో స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో పనిచేసేవారు కొందరు కలిసి అక్కడి తోట కొన్నారు. వారిలో డేవ్ బెన్నియన్ 1967లో ఉద్యోగం మాని పూర్తిగా ద్రాక్షారసం చేసే పనిలోకి దిగారు. బయటి ఈస్ట్ కలపకుండా, పండుతోపాటు వచ్చినదానితోనే పులియనివ్వడం అక్కడి పద్ధతి.

ఆ కొండ కింది లోయలో మనవాళ్లు ఎంతమంది! కోడింగ్ మానేసి మట్టిలోకి వెళ్లిపోదామని ఒక్కసారైనా అనుకోనివారు తక్కువే. అది దేవుని పిలుపా, అలసటా? బెన్నియన్ విషయంలో నాకు నచ్చింది మధ్యలోని ఎనిమిదేళ్లు. వారాంతాల్లో కుటుంబాలతో తోటపని చేసి చూశాకే జీతం వదిలారు. పిలుపు నాది, అప్పు ఇంటివాళ్లది అయితే దాన్ని విశ్వాసం అనలేను. అలాగని భయానికి బాధ్యత అని పేరుపెట్టుకుని కూర్చోవడమూ విధేయత కాదు.

ఇక ద్రాక్షారసం సంగతి. 1992 ప్రాంతంలో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై ఎందుకు తిరగబడ్డారో ఎరిగినవారు మన సంఘాల్లో ఉన్నారు. వారి అభ్యంతరాన్ని ఛాందసమని కొట్టిపారేయకూడదు. కానా పెండ్లి ఉన్న గ్రంథంలోనే నోవహు ద్రాక్షతోట కూడా ఉంది. మందులు చల్లకుండా పెంచినా, సహజంగా పులిసినా మత్తు మత్తే (ఈ మాట సేంద్రియ ప్రియులకు రుచించకపోవచ్చు). ఆ పని పాపమని నేననను. ఎవరికి, ఎంత అమ్ముతున్నాడో మాత్రం చేసేవాడే జవాబు చెప్పుకోవాలి.

కొత్తగా నాటిన తీగ పంటకు రావడానికి సుమారు మూడేళ్లు. ఇలాంటి ఆలోచనతో ప్రార్థన కోరే సహోదరుణ్ణి నేను మొదట అడిగేది, ఆ మూడేళ్ల ఇంటి ఖర్చు భార్యతో కలిసి కూర్చుని లెక్క వేశారా అని.