ఇస్లామీయ పాఠశాల బోధన: డిజిటల్ సాధనాలు – ఆధ్యాత్మిక విలువలు

ఉపోద్ఘాతం

హైదరాబాదు తూర్పుభాగంలోని ఉప్పల్, నాచారం ప్రాంతాలు ఆధునిక విజ్ఞానానికీ పరిశ్రమకూ నెలవులు. 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, 1977లో మొదలైన సి.సి.ఎం.బి. ఉప్పల్ రోడ్డుమీదే ఉన్నాయి. నాచారంలో పారిశ్రామికవాడ ఉంది. వీటికి చేరువలో, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో, అరబ్బీ రాతప్రతులను పరిష్కరించి ముద్రించే దాయిరతుల్ మఆరిఫ్ ఉంది. 1888లో ఆరంభమైన ఈ సంస్థ చరిత్రను చూస్తే యంత్రానికీ ధార్మిక విద్యకూ సహజవైరం లేదని తెలుస్తుంది. కనుక ఇస్లామీయ పాఠశాలల్లో డిజిటల్ సాధనాలు ఉండవచ్చునా అన్నది అసలు ప్రశ్న కాదు. అవి విద్యార్థి అంతరంగంలో ఏ గుణాన్ని పెంచుతాయి, దేనిని కుంగదీస్తాయి అన్నదే ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

గురుముఖం – యంత్రముఖం

ఇస్లామీయ విద్యాచింతన తాలీమ్‌ను, తర్బియత్‌ను వేరుచేసి చూస్తుంది. మొదటిది బోధన, రెండవది శీలపోషణ. ఖుర్ఆన్ పఠనంలో ఈ రెండూ కలిసి నడుస్తాయి. తజ్వీద్ నియమాల ప్రకారం ప్రతి అక్షరానికీ ఉచ్చారణస్థానం నిర్ణీతం. తెలుగులో లేని అరబ్బీ కంఠ్యధ్వనులను తెలుగు మాతృభాషగా గల విద్యార్థికి వందసార్లు విసుగులేకుండా వినిపించడం యంత్రానికి సులభం. ఈ మేలు చిన్నది కాదు. అయితే వేదాధ్యయనంలో వలెనే ఇక్కడా గురుముఖతః అభ్యసించడమే సంప్రదాయం. శిష్యుడు వినిపిస్తాడు, గురువు సరిదిద్దుతాడు, చివరకు ఇజాజా ఇచ్చి అతని యోగ్యతకు తాను పూచీ పడతాడు. యంత్రం తప్పును పట్టగలదు గాని పూచీ పడలేదు. పైగా పఠనానికి మార్కులు, పతకాలు, వరుసక్రమాలు ప్రకటించే యాప్‌లు భక్తిని ప్రదర్శనగా మార్చే ప్రమాదముంది. ఇస్లాం ‘రియా’ అని హెచ్చరించే దోషం ఇదే.

నిఘా – ఇహ్సాన్

ఇంతకంటె లోతైన సమస్య నిఘాది. తల్లిదండ్రులిద్దరూ పనికి వెళ్లే ఇళ్లలో ఫోను పిల్లల చేతికి చిక్కుతుంది. హానికరమైన దృశ్యాల భయం నిజమైనదే. అందువల్ల వడపోతలు, కెమెరాలు అవసరమన్న వాదాన్ని తోసిపుచ్చలేము. కాని జిబ్రీల్ హదీసుగా ప్రసిద్ధమైన సంభాషణలో ఇహ్సాన్‌కు చెప్పిన నిర్వచనం ఇక్కడ గమనార్హం. దైవాన్ని చూస్తున్నట్లుగా ఆరాధించాలి. మనం చూడలేకపోయినా ఆయన చూస్తున్నాడన్న ఎరుక ఉండాలి. బాహ్యదృష్టికి ఇదీ నిఘావలెనే కనిపించవచ్చు. భేదమేమిటంటే, కెమెరా ఆగిపోతే భయం ఆగిపోతుంది. ఈ ఎరుక ఏకాంతంలోనే పరీక్షకు నిలుస్తుంది. కెమెరా చేష్టను మాత్రమే నమోదు చేస్తుంది. కర్మకు విలువనిచ్చే నియ్యత్, అనగా సంకల్పం, దానికి అందదు. తప్పు చేసే అవకాశమే లేనిచోట మానుకోవడం శీలం అనిపించుకోదు. అంతేకాక, పరుల రహస్యాలు కూపీ తీయరాదని ఖుర్ఆన్ 49వ అధ్యాయం నిషేధిస్తున్నది. రక్షణ పేరిట విద్యార్థి ఏకాంతాన్ని పూర్తిగా హరించే పాఠశాల ఈ విలువను బోధిస్తూనే ఉల్లంఘించినట్లవుతుంది.

ముగింపు

లేతతీగకు పందిరి కావాలి. కాండం గట్టిపడేకొద్దీ ఆసరా తగ్గాలి. డిజిటల్ నియంత్రణ కూడా వయసుతోపాటు సడలుతూ, దాని కారణం విద్యార్థికి తెలియజెప్పేదిగా ఉండాలి. అభ్యాసం యంత్రానికి, తీర్పు గురువుకు, ఆత్మపరిశీలన విద్యార్థికి చెందాలి. ఈ విభజన చెదిరితే తాలీమ్ మిగులుతుంది, తర్బియత్ జారిపోతుంది. ఇది ఒక్క మతానికి పరిమితమైన చింత కాదు. విలువలు నేర్పుతామని చెప్పుకొనే ప్రతి విద్యాలయమూ ఎదుర్కొనవలసిన ప్రశ్న.