డయాలసిస్ మంచం పక్కన

మంచి కిడ్నీలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. రాత్రీ పగలూ, ఎవరూ చెప్పకుండానే. అవి మొరాయిస్తే మనిషి వారానికి మూడుసార్లు, పూటకు నాలుగు గంటలు యంత్రానికి చెయ్యి అప్పగించి పడుకోవాలి. ఆ మంచం పక్కన కుర్చీ వేసుకు కూర్చోవడమే నా ఉద్యోగం. ఆసుపత్రిలో సైకాలజిస్టుని. ఇంతకన్నా గొప్ప పని ఇంకొకటి ఉందంటే నేను ఒప్పుకోను.

ముందు ఆ చేతి గురించి చెప్పాలి. ధమనినీ సిరనీ కలిపి కుట్టే ఫిస్టులా పద్ధతిని బ్రెషియా, సిమినో అనే అమెరికా డాక్టర్లు తమ సహచరులతో కలిసి 1966లో లోకానికి చెప్పారు. కుట్టిన చోట వేలు ఆనిస్తే నెత్తురు తుమ్మెదలా జుమ్మంటుంది. మా వాళ్లు పొద్దున లేస్తూనే దాన్ని తడిమి చూసుకుంటారు. ఆ చేత్తో బరువెత్తరు, ఆ చేతికి బీపీ పట్టీ చుట్టనివ్వరు, నిద్రలో కూడా దానిమీదికి ఒత్తిగిల్లరు. తమ ఒంటిని ఇంత శ్రద్ధగా కాచుకునే మనుషుల్ని నేను మరెక్కడా చూడలేదు.

ఉద్దానం నుంచి వస్తారు కొందరు. కవిటి, సోంపేట, మందస వైపు కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో చెమటోడ్చినవాళ్లు. అక్కడ ఇన్ని కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఏళ్ల తరబడి పరిశోధనలు జరిగినా, ఫలానాదే కారణమని ఇప్పటికీ తేలలేదు. అందుకే డాక్టర్ని అడగని ప్రశ్న నన్ను అడుగుతారు: "నానేం పాపం చేశానమ్మా?" ఏ పాపమూ లేదని వెంటనే అనేస్తే వాళ్ల నోరు మూసినట్టే. కాసేపు ఊరుకుంటాను. ఆ తర్వాత మెల్లగా తోట గురించి చెబుతారు, పిల్లల చదువుల గురించి చెబుతారు, చివరికి భయం గురించి చెబుతారు.

ఆకలి లేదు, నిద్ర పట్టదు, ఒంట్లో సత్తువ లేదు. ఇవి దిగులుకీ గుర్తులే, కిడ్నీ జబ్బుకీ గుర్తులే. రెండింటినీ విడదీసి చూడడం నా పనిలో అన్నిటికన్నా సున్నితమైన భాగం. నేను ఆరా తీసేది ఇష్టాల గురించి. మనవరాలి ఫోనొస్తే మొహం వికసిస్తోందా? ఒకప్పుడు ప్రాణం పెట్టిన పని ఇప్పుడూ గుర్తొస్తోందా? అదీ లేకపోతే డాక్టరుతో మాట్లాడాల్సిందే.

ఇక దాహం. మూత్రం దాదాపు ఆగిపోయినవాళ్లకు రోజంతటికీ అర లీటరు, మహా అయితే లీటరు. మే నెల ఎండలో కూడా అంతే. ఒకాయన వచ్చిన ప్రతిసారీ బరువు పెరిగి ఉండేవాడు, నర్సమ్మ చీవాట్లు పెట్టేది. ఏ పూట ఎక్కువ తాగుతున్నారు బాబాయ్ అని అడిగాను. సాయంత్రం అరుగు మీద స్నేహితులు టీ ఇస్తారట. వద్దంటే అందరి చూపూ జబ్బు మీదికే పోతుందట. అది దాహం కాదు, పదిమందిలో ఒకడిగా ఉండాలన్న తపన. ఏం చేద్దామో ఆయనే ఆలోచించుకున్నాడు: గ్లాసు తీసుకుంటాడు, రెండు గుక్కలు తాగుతాడు, కబుర్లు అయ్యేదాకా చేతిలోనే ఉంచుకుంటాడు. పై వారానికి బరువు తగ్గింది. ఆ ఉపాయం నాకు ఏ పుస్తకంలోనూ దొరికేది కాదు.

మొన్న ఆ బాబాయ్ పక్క మంచం మీదికి ఒక కుర్రాడు కొత్తగా వచ్చాడు. గొట్టాల్లో తన నెత్తుటిని చూసి కళ్లు గట్టిగా మూసేసుకున్నాడు. నేను నోరు తెరిచేలోపే బాబాయ్ అటు తిరిగాడు. "సూది నొప్పి రాన్రాను అలవాటైపోద్ది బాబూ. మా అమ్మాయి పెళ్లి డయాలసిస్ లేని రోజు చూసి పెట్టాం. నానే కన్యాదానం చేశాను." కుర్రాడు పెళ్లి మాటే ఎత్తలేదు. అడగలేక దాచుకున్నది అదేనని బాబాయ్‌కి నాకంటే ముందే తెలిసిపోయింది.