మార్పు భారం ఎవరిది?

విశ్వవిద్యాలయం అనగానే మన ఇళ్ళలో రెండు రకాల మాటలు వినిపిస్తుంటాయి. "అక్కడికి పంపితే పిల్లలు మారిపోతారు" అని కొందరు భయపడతారు. "అక్కడికి పంపితేనే మన బతుకులు మారతాయి" అని మరికొందరు ఆశపడతారు. ఇరువురూ మాట్లాడుతున్నది మార్పు గురించే. అయితే అంతకంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. మార్పు ఫలం ఒకరికి దక్కి, దాని భారం మరొకరి మీద పడితే అది న్యాయమేనా?

ధర్మం మనకు నేర్పే మొదటి సుగుణాలలో 'అదల్' ఒకటి. అదల్ అంటే న్యాయంగా తూచడం. మన వైపు పళ్ళెం బరువెక్కినప్పుడు కూడా త్రాసును నిటారుగా పట్టుకోవడం. ఆ త్రాసుతో మన ప్రాంతపు విశ్వవిద్యాలయాల చరిత్రను ఒకసారి తూచి చూద్దాం.

ఉస్మానియా చెప్పే పాఠం

1918లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలిసింది. ఉన్నత విద్య అంటే ఆంగ్లమే అనుకునే ఆ రోజులలో అది ఉర్దూను బోధనా భాషగా స్వీకరించింది. అందుకోసం అంతకు ముందే 1917లో దారుల్ తర్జుమా ఏర్పడింది. విజ్ఞాన శాస్త్రం, వైద్యం, న్యాయశాస్త్రం, చరిత్ర గ్రంథాలు ఉర్దూలోకి అనువాదమయ్యాయి. ఆధునిక విద్యల బరువును ఒక భారతీయ భాష మోయగలదని రుజువైంది. ఉర్దూలో చదువుకున్న మా వంటి వారికి ఇది నిస్సందేహంగా గర్వకారణం.

కాని త్రాసు రెండవ పళ్ళెం కూడా చూడాలి. ఆ సంస్థానంలో అత్యధికుల ఇంటి భాష ఉర్దూ కాదు. తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే ఇళ్ళ నుండి వచ్చిన విద్యార్థికి ఆ తరగతి గది ఎంత కష్టమై ఉంటుంది? 1938లో వసతి గృహాలలో వందేమాతరం పాడడాన్ని నిషేధించినప్పుడు విద్యార్థులు సమ్మె చేశారు, బహిష్కరణకు గురయ్యారు. చాలామందికి నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. ఆ గీతం విషయంలో ముస్లింలకున్న ధార్మిక అభ్యంతరం మనకు తెలిసిందే. అయితే తన విశ్వాసాన్ని బట్టి తాను పాడకపోవడం వేరు, పాడిన వారిని చదువు నుండి వెళ్ళగొట్టడం వేరు. మొదటిది హక్కు. రెండవది అన్యాయం.

1948 తర్వాత త్రాసు అటు ఒరిగింది. బోధనా భాష ఆంగ్లమైంది. నిన్నటి దాకా ముందు వరుసలో ఉన్న ఉర్దూ విద్యార్థి ఒక్కసారిగా వెనుక వరుసలోకి వెళ్ళాడు. ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య కోసం మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం హైదరాబాదులో ఏర్పడే సరికి 1998 వచ్చింది. అంటే యాభై ఏళ్ళు. మొదటి తరంలో మనకు వరమైనది ఇతరులకు భారమైంది. రెండవ తరంలో ఇతరులకు ఊరటనిచ్చినది మనకు భారమైంది. మన భారాన్ని మాత్రమే లెక్కపెట్టి, ఇతరుల భారాన్ని మరచిపోయేవాడు చరిత్ర చదివాడే గాని దాని నుండి నేర్చుకోలేదు.

పాల్వంచ నుండి మొదలైన అల

సారపాక నుండి కొత్తగూడెం వెళ్ళే బస్సు పాల్వంచ మీదుగా పోతుంది. 1969 జనవరిలో అక్కడి థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దే ఒక ఆందోళన రాజుకుంది. ముల్కీ నిబంధనలు, 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం అమలు కావడం లేదని, స్థానికులకు దక్కవలసిన ఉద్యోగాలు ఇతరులకు పోతున్నాయని ఫిర్యాదు. ఖమ్మంలో ఒక విద్యార్థి నిరాహార దీక్షకు కూర్చున్నాడు. రోజుల వ్యవధిలో ఆ అల ఉస్మానియాను తాకింది. కాల్పులు జరిగాయి. చదువులు నెలల తరబడి ఆగిపోయాయి. 369 మంది ప్రాణాలు కోల్పోయారని ఉద్యమకారులు చెబుతారు.

వారు కోరిన రాష్ట్రం అప్పుడు రాలేదు. 1972లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పాక ఆంధ్ర ప్రాంతపు విద్యార్థులు రోడ్డెక్కారు. చివరికి 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం వచ్చింది. అందులోని ఒక సూత్రం ప్రకారం 1974లో హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయం నెలకొంది. అంటే విద్యార్థుల అలజడే ఒక విశ్వవిద్యాలయానికి పునాది అయింది! అయితే చదువు పోగొట్టుకున్న వారు ఒకరు, ఆ తరగతి గదులలో కూర్చున్న వారు మరొకరు. ఇక తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది 2014లో. 1969లో ఇరవై ఏళ్ళున్న విద్యార్థికి అప్పటికి అరవై అయిదేళ్ళు.

మరి అతని శ్రమ వృథాయేనా? కాదు. తాను నాటిన చెట్టు పండును తాను తినకపోయినా, తిన్నవారందరి పుణ్యంలో నాటినవానికి వాటా ఉంటుందని మనం నమ్ముతాం. దానినే సదఖా జారియా అంటాం. కాని చెట్టు నాటేవాడు తన చెమటతో నాటాలి. ఉద్యమం పేరిట బస్సు తగలబడితే ఆ రోజు కూలి పోయేది ఎవరికి? అంగడి మూయిస్తే పస్తులుండేది ఎవరి పిల్లలు? అలాగే 2009 తర్వాతి తెలంగాణ ఉద్యమ కాలంలో పలువురు యువకులు తమ ప్రాణం తామే తీసుకున్నారు. వారి ఆవేదన నిజమైనదే. కాని ప్రాణం మనం సంపాదించుకున్న ఆస్తి కాదు, అల్లాహ్ అప్పగించిన అమానత్. దానిని వెచ్చించే హక్కు ఏ ఆశయానికీ లేదు. ఆ బిడ్డలు బతికి ఉంటే తెలంగాణకు మరింత మేలు జరిగేది.

పట్టా పెరిగింది, మనిషి పెరిగాడా?

సారపాక కాగితపు మిల్లు గేటు ముందు దుంగల లారీలు బారులు తీరి ఉంటాయి. దుంగ దుంగగానే ఉంటానంటే కాగితం కాదు. ముక్కలై, ఉడికి, గుజ్జై, వడకట్టబడితేనే దాని మీద అక్షరం నిలుస్తుంది. విద్యార్థి కూడా అంతే. సూరా రఅద్ 11వ వాక్యం జాతుల స్థితిగతులను వారి అంతరంగంతో ముడిపెట్టింది. లోకాన్ని మార్చాలనుకునేవాడు ముందుగా తన లోపలి మొండితనాన్ని కరగనివ్వాలి.

దీనికి మన సమాజంలోనే ఒక పరీక్ష ఉంది. కళాశాలలో సమానత్వం గురించి ఉపన్యసించిన యువకుడు పెళ్ళి మాటల వేళ తలవంచుకుని కూర్చుంటాడు. అతని పట్టాను బట్టి పెద్దలు 'జోడే కీ రఖమ్' పెంచుతుంటే నోరు మెదపడు. విశ్వవిద్యాలయం అతని ధరను పెంచిందే తప్ప అతనిని మార్చలేదు. అతని చదువు భారాన్ని మరొక ఇంటి ఆడపిల్ల తండ్రి మోస్తున్నాడు.

మన గుమ్మం ముందుకు వచ్చిన ప్రశ్న

1970వ దశకంలో గనుల చదువు కోసం మొదలైన కొత్తగూడెం కళాశాల 2025లో డాక్టర్ మన్మోహన్ సింగ్ పేరిట భూవిజ్ఞాన విశ్వవిద్యాలయంగా మారింది. ఒకప్పుడు హైదరాబాదు, వరంగల్ వెళితే తప్ప దొరకని పేరు ఇప్పుడు మనకు బస్సు ప్రయాణం దూరంలో ఉంది. భూమిని గురించి నేర్పే ఆ తరగతి గదిలో ఈ భూమి మీద తరతరాలుగా బతుకుతున్న కోయ పిల్లవాడు కూడా కూర్చోవాలి. అతను బయట నిలబడి ఉండగా మన బిడ్డ ఒక్కడే లోపలికి వెళ్ళడం విజయం కాదు.

ఇక తల్లిదండ్రులకు ఒక మాట. కొడుకు ఫీజు కోసం కూతురి చదువు పదవ తరగతితో ఆపిన ఇళ్ళు మనలో లేవా? ఫలం అన్నకు, భారం చెల్లెలికి. ఉస్మానియాలోనూ, పాల్వంచలోనూ మనం అడిగిన ప్రశ్నే అది. విద్యార్జన విధి అన్నప్పుడు ధర్మం అందులో నుండి ఆడపిల్లను మినహాయించలేదు. దూరం భయమైతే తోడు చూడండి, వసతి విచారించండి, ఆమెతో కూర్చుని మష్వరా చేయండి. పిల్లలు మారిపోతారన్న భయం ఉంటే, న్యాయంగా తూచడం ఇంట్లోనే నేర్పి పంపండి. ఆ త్రాసు చేతిలో ఉన్న బిడ్డ ఎక్కడికి వెళ్ళినా దారి తప్పదు. ఈ సంవత్సరం దరఖాస్తు ఫారం ఇంటికి వచ్చినప్పుడు దాని మీద ఎవరి పేరు రాయాలో నిర్ణయించే ముందు ఇంట్లోని పిల్లలందరి ముఖాలూ ఒకసారి చూడండి.