వినబడని లెక్క ఎవరి కోసం?

ఎవరికీ కనబడని, వినబడని పనిలో చూపే శ్రద్ధకు విలువ ఉంటుందా? పండుగ వచ్చినప్పుడల్లా మన ఇళ్ళలో ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో తలెత్తుతూనే ఉంటుంది. అర్థం తెలియని మంత్రం ఎందుకు? కలశంలో ఏమి వేశామో ఎవరు చూడవచ్చారు? ఒకటి తగ్గితే ఏమవుతుంది? జవాబు కోసం మరో దేశానికి, మరో మతానికి చెందిన ఒక పాట దగ్గరకు వెళదాం. మన సంగతి ఒక్కొక్కసారి దూరం నుంచి చూస్తేనే బాగా తెలుస్తుంది.

1436 మార్చి 25న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరపు పెద్ద చర్చికి పోపు నాలుగవ యూజీన్ ప్రతిష్ఠ జరిపించారు. 1296లో మొదలైన కట్టడం అది. బ్రూనెల్లెస్కీ కట్టిన దాని గుమ్మటం అప్పటికి దాదాపు పూర్తి కావచ్చింది. ఆ ఉత్సవం కోసం గియోమ్ డ్యూఫే అనే సంగీతకారుడు 'నూపెర్ రోసారుం ఫ్లోరెస్' అనే నాలుగు గొంతుల పాట కట్టారు.

పై రెండు గొంతులు కొత్త లాటిన్ పద్యాన్ని పాడతాయి. కింది రెండు గొంతులు చర్చి ప్రతిష్ఠలలో పాడే ఒక పాత కీర్తన స్వరాలను పట్టుకొని సాగుతాయి. అవే స్వరాలు నాలుగుసార్లు వస్తాయి, ప్రతిసారీ వేరే కాలప్రమాణంలో. ఆ నాలుగు నిడివుల నిష్పత్తి 6:4:2:3. పల్లవిని మూడు కాలాల్లో పాడటం విన్న మనకు ఈ పద్ధతి మరీ కొత్తేమీ కాదు. అయితే కింది స్వరాలు ఎంతో సాగదీసి ఉంటాయి, పైన వేరే పాట నడుస్తూ ఉంటుంది. కూర్చొని వినేవారి చెవికి ఆ లెక్క అందదు.

ఇంతకీ ఆ అంకెలు ఎక్కడివి? అవి ఆ చర్చి కొలతలేనని 1973లో చార్లెస్ వారెన్ అనే పండితుడు వాదించారు. కాదు, బైబిలులోని సొలొమోను దేవాలయపు కొలతలని 1994లో క్రెయిగ్ రైట్ చూపించారు. ఆ ఆలయం పొడవు 60 మూరలు, అందులో ముందరి మందిరం 40, గర్భగృహం 20, ఎత్తు 30. రైట్ వాదనే మాకు బలంగా తోస్తుంది.

ఆనాటి విశ్వవిద్యాలయాల్లో సంగీతాన్ని గణితం, రేఖాగణితం, ఖగోళశాస్త్రాల సరసన బోధించేవారు. కారణం లేకపోలేదు. తీగ పొడవులో మూడింట రెండు వంతులు మీటితే పంచమం, సగం మీటితే పై షడ్జమం పలుకుతాయి. 6:4లో ఆ పంచమం, 4:2లో ఆ షడ్జమం ఉన్నాయి. గోడకూ గొంతుకూ ఒకటే కొలత అన్నది వారి నమ్మకం. మన శిల్పులు కూడా ముఖం పొడవును ఒక తాళంగా పెట్టుకొని విగ్రహమంతా కొలుస్తారు. దర్శనానికి వెళ్ళిన మనం చూసేది స్వామి ముఖాన్నే, లెక్కను కాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉంది. మనుషుల కోసమైతే వారికి వినబడదు. దేవుడి కోసమైతే ఆయనకు మన కూడికలు, తీసివేతలు ఎందుకు? మరి ఇది పాండిత్య ప్రదర్శన కాదా?

వైద్య వృత్తిలో ఉన్న మాకు ఒక విషయం తెలుసు. ఆపరేషన్ తరువాత రోగి చూసుకొనేది చర్మం మీది కుట్లనే. కాని పొట్ట విడిపోకుండా పట్టి ఉంచేది లోపల వేసిన కుట్లు. వాటిని ఎవరూ మెచ్చుకోరు, అయినా అక్కడ అశ్రద్ధ పనికిరాదు. డ్యూఫే లెక్క కూడా అలాంటిదే. అంకెలు వినబడవు గాని, భాగాలు క్రమంగా కురచవుతూ వచ్చి చివర కాస్త విస్తరించి నిలిచే ఆ నడక వాటి వల్లనే వచ్చింది. కనబడని శ్రద్ధ కనబడేదాన్ని నిలబెడుతుంది. దాని విలువ అక్కడుంది.

అయితే దాగి ఉన్నదంతా గొప్పదని అనుకోరాదు. "మనకు తెలియదు కాబట్టి అందులో ఏదో ఉంది" అనడం భక్తి కాదు, బద్ధకం. దేన్నీ నిలబెట్టని తతంగాన్ని రహస్యం పేరుతో మోయనక్కరలేదు.

ఇంకొక సంగతి. డ్యూఫే ప్రతి భాగాన్నీ పై రెండు గొంతులతోనే మొదలుపెట్టారు. లెక్క తెలియని మనిషికీ ఆ మాధుర్యం అందుతుంది. లోపలి నియమం పేరు చెప్పి వినేవారిని ఆయన పస్తు పెట్టలేదు. మనమూ అంతే చేయాలి. మంత్రం స్వరం తప్పకుండా చెప్పించుకుందాం, దాని అర్థం పిల్లలకు వారికి తెలిసిన భాషలో చెబుదాం. మొదటిది చేసి రెండవది మానేస్తే మన తరువాత ఆ మంత్రానికి దిక్కుండదు. రెండవది చేసి మొదటిది వదిలేస్తే చెప్పడానికి ఏమీ మిగలదు.