ఉదయకాంతిని దాచుకొనవచ్చునా?

ధ్యానభాగము: నిర్గమకాండము 16:13-36

ప్రత్యక్షత పండుగ గడచిన వారములో ఒక ఉదయమున మేము ఏన్కూరు నుండి పనికి బయలుదేరితిమి. జనవరి నెలలో మన ప్రాంతమున సూర్యుడు సుమారు 6 గంటల 40 నిమిషములకు గాని కనబడడు. చలి గట్టిగా ఉండెను. మిరపచేలమీద పొగమంచు మోకాలెత్తున నిలిచియుండెను. కొత్తగూడెము పోవు బాటలో ఒక కల్వర్టు దగ్గరకు వచ్చుసరికి, అడవి అంచున ఆకాశము మొదట వంకాయరంగుగాను, పిదప పండుమిరపవలె ఎఱ్ఱగాను, అటుపైని పసుపుకొమ్మువలెను మారుచుండెను. మేము బండి ఆపి, జేబులోని ఫోను తీసి, ఫొటోలు తీయ మొదలిడితిమి. ఒకటి, పది, ముప్పది.

అంతలో మిరపకాయలు కోయబోవు కూలి స్త్రీలు ఆ దారినే వచ్చుచుండిరి. వారిలో ఒకామె నిలిచి, "ఏం ఫొటో తీస్తున్నరు సారూ?" అని అడిగెను. "పొద్దు పొడుస్తున్నదమ్మా, చూడు" అంటిమి. ఆమె తలయెత్తి ఒకసారి చూచి, "మంచిగనే ఉంది. రోజూ పొడుస్తది గదా, దాచిపెట్టుకునుడెందుకు?" అని నవ్వి సాగిపోయెను. మేము ఫోను దించునప్పటికి రంగులన్నియు వెలిసిపోయి, ఎప్పటి తెల్లని యెండ మిగిలెను. సిగ్గుతో ఒప్పుకొనుచున్నాము: ఆ ఉదయమును మేము అరచేతి అద్దములోనే చూచితిమి గాని ఆకాశమున చూడలేదు.

ఆమె మాట దినమంతయు మమ్మును విడువలేదు. అందమైనదానిని దాచుకొన గోరుట తప్పా? రేపును వచ్చునదే గనుక నేటిదానిని లక్ష్యపెట్టనక్కరలేదా?

ఆ రంగులకు కారణమేమో కొంచెము ఆలోచింతము. సూర్యుని వెలుగులో అన్ని రంగులును కలవు. గాలి అందులో నీలమును ఎక్కువగా చెదరగొట్టునని 1871లో రేలీ అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు వివరించెను. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పటికంటె దిక్కుల అంచున ఉన్నప్పుడు ఆయన వెలుగు సుమారు 38 రెట్లు ఎక్కువ గాలిని దాటి రావలెను. ఆ దీర్ఘప్రయాణములో నీలము దారిలోనే చెదరి, మనకు తూర్పుననున్న ఊళ్లవారికి పగటి ఆకాశమగుచున్నది. మిగిలిన ఎరుపు మనకు ఉదయరాగమగుచున్నది. మనము దాచుకొన జూచినది ఇతరులకు పంచగా మిగిలిన వెలుగే! సూర్యుడు కొంచెము పైకెక్కగానే అదియు ఉండదు.

ఫొటో తీయు విద్యనుగూర్చియు ఒక మాట. 1826లోనో 1827లోనో ఫ్రాన్సు దేశమున నీప్స్ అను ఆయన తన కిటికీనుండి తీసిన చిత్రము నేడు మిగిలియున్నవాటిలో మిక్కిలి పాతది. దానికి గంటలకొలది వెలుగు కావలసివచ్చెను. అంతలో సూర్యుడు సాగిపోవుటచేత కట్టడముల ఇరుప్రక్కలను ఎండ పడినట్లు అందులో కనబడును. ఒక్క చిత్రమునకు ఆయన అంతసేపు కాచుకొనెను. మాకు రెప్పపాటు చాలును. తీయుట సులభమైనకొలది చూచుట తగ్గిపోయినదేమో!

ఇశ్రాయేలీయులకు అరణ్యములో కురిసిన మన్నాయు ఇట్టిదే. వారు దానిని ప్రతి ఉదయము కూర్చుకొనిరి. ఎండ ముదిరినప్పుడు అది కరగెను. రేపటికి దాచుకొన్నవారిది పురుగుపట్టి కంపు కొట్టెను. అయితే ఆ అధ్యాయము అంతటితో ముగియలేదు. ఒక ఓమెరు మన్నాను పాత్రలో పోసి దాచవలెనని దేవుడే ఆజ్ఞ ఇచ్చెను. ఎవరికొరకు? కూర్చుకొన్నవారు తినుటకు కాదు. దానిని ఎన్నడును చూడని రాబోవు తరములవారు చూచుటకు. కాబట్టి దాచుట అంతయు తప్పు కాదు. మనకొరకే దాచుకొన్నది చెడిపోవును. చూడనివారికొరకు దాచినది నిలుచును.

మా సంఘములో మంచము పట్టిన వృద్ధురాలొకరు ఉన్నారు. ఆమె గదికి ఒకటే కిటికీ. అదియు పడమటి వైపు. ఆదివారము సాయంకాలము ఆమెను చూడబోయి, ఆ ముప్పదిలో ఒకదానిని చూపితిమి. ఆమె ఫోనును రెండు చేతులతో పట్టుకొని చాలసేపు చూచి, ఇట్లనెను: "నలభై ఏండ్లు ఇదే యాళ్లకు చేన్లకు పోయిన నాయనా. తల వంచుకొనే పోయిన, తల వంచుకొనే కోసిన. పైన ఇంత మంచిగ ఉంటదా?"

మాకు మాట రాలేదు. దేవుడు మంచివారిమీదను చెడ్డవారిమీదను తన సూర్యుని ఉదయింపజేయునని ప్రభువు చెప్పెను (మత్తయి 5:45). ఆకాశము ఎవరికిని తక్కువ చేయలేదు. దానిని చూచు తీరిక మాత్రము అందరికిని సమముగా లేదు. ఆ కొరత మనుష్యులు చేసినది. పనికి ముందు మేము అనుభవించిన పది నిమిషములు ఆమెకు నలుబది యేండ్లలో దొరకలేదు. మనలో చేను గలవారు, కూలికి పిలుచువారు, ఇంట పనివారిని పెట్టుకొన్నవారు ఈ సంగతి ఆలోచింపవలెను. పనిచేయువాడు ఒక్క నిమిషము తలయెత్తి చూచినయెడల దానిని సోమరితనమని లెక్కపెట్టకుందము.

ఇంటికి వచ్చి, ఆమెకు చూపిన ఫొటో ఉంచి, తక్కిన ఇరువది తొమ్మిదింటిని తీసివేసితిమి. మరునాడు అదే కల్వర్టు దగ్గర నిలిచితిమి. ఆనాడు మబ్బు పట్టి, తూర్పున బూడిదరంగు తప్ప ఏమియు లేకుండెను. ఆ స్త్రీలు వచ్చుచు, "ఇయ్యాల తీస్తలేరా సారూ?" అని అడిగిరి. "ముందు చూడనీయండమ్మా" అంటిమి. వారును గంపలు దించకయే కొంతసేపు మాతో కూడ నిలిచి, తూర్పు వైపు చూచిరి. తరువాత ఎవరి పనికి వారము పోయితిమి.