లేని దీవులు, వున్న వూళ్ళు

1375లో మయోర్కా దీవిలో తయారైన వొక ప్రపంచపటంలో మన తీరానికి వొక రాజున్నాడు. పేరు స్టీఫెన్. క్రైస్తవుడు. ఆ రాత పక్కనే బుతిఫిలిస్ అని వొక పట్నం. అది మన మోటుపల్లేనని చరిత్రకారులు గుర్తుపట్టారు. బాపట్ల నుంచి చీరాల, వేటపాలెం దాటి చినగంజాం వైపు పోతే సముద్రం పక్కన తగిలే వూరు. ఆ పటాన్ని కతలాన్ అట్లాసు అంటారు. ఇప్పుడది పారిస్‌లో, ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయంలో వుంది.

వూరు నిజం, రేవూ నిజం. 1244లో గణపతిదేవుడు అభయశాసనం వేయించింది అక్కడే. తుఫానుకి వొడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకుని పాత రాజులు లాక్కునేవాళ్ళట. తను సుంకం తప్ప మరేదీ ముట్టనని పరదేశీ వర్తకులకి ఆయన మాటిచ్చాడు. రాజే అబద్ధం. 1375లో ఆ తీరాన్ని ఏలుతున్నది కొండవీటి రెడ్లు. స్టీఫెన్ అనేవాడు ఈ నేలని ఎన్నడూ ఏలలేదు.

మరి పటంలోకి ఎట్లా ఎక్కాడు? అంతకు ఎనభై ఏళ్ళ ముందు మార్కోపోలో ఈ రాజ్యాన్ని ముత్ఫిలి అని రాశాడు. రాణి ఏలుతోందన్నాడు, అది రుద్రమదేవి. గణపతిదేవుడి కూతుర్ని ఆయన భార్యగా రాసేశాడు. పాముల లోయలోకి మాంసం ముక్కలు విసిరితే గద్దలు వాటితోపాటు వజ్రాలు ఎత్తుకొస్తాయని కూడా రాశాడు. అది సింద్‌బాద్ కథల్లో వున్నదే. అయితే ఆయన పొరపాట్లలో కూడా స్టీఫెన్ లేడు. దిగువన మైలాపూరులో సెయింట్ థామస్ సమాధి వుందన్న మాట యూరపుకి తెలుసు. తూర్పున వొక క్రైస్తవ రాజుండాలని, ముస్లిం రాజ్యాలకి ఆవలివైపు నుంచి తమని ఆదుకోవాలని ఆ రోజుల్లో వాళ్ళ ఆశ. ప్రెస్టర్ జాన్ అనే రాజుని ఆసియాలో వందేళ్ళకి పైగా వెతికి, దొరక్కపోతే ఆయన్ని ఇథియోపియాకి మార్చారు. అట్లాంటి వొక ఆశే మోటుపల్లి దగ్గర కూచుందని మేం అనుకుంటున్నాం.

ఇంకో సంగతి చెప్పాలి. ఈ పటం గీశాడని చెప్పే క్రెస్కెస్ అబ్రహాం క్రైస్తవుడు కాదు, యూదు. ఆయన పోయిన నాలుగేళ్ళకి, 1391లో, మయోర్కాలో యూదుల వాడమీద దాడి జరిగింది. కొడుకు జఫుదా కూడా పటాలు గీసేవాడే. మతం మార్చుకుని జవుమె రిబెస్ అనే పేరుతో బతికాడు. ఎక్కడా లేని క్రైస్తవరాజుకి పటంలో చోటు దొరికింది. ఆ పటం గీసిన ఇంటివాళ్ళకి తమ పేరుతో తమ వాడలో వుండే చోటు లేకపోయింది. తెనాలి, బాపట్ల, రేపల్లెల మధ్య పుట్టి పెరిగిన ముస్లింలం మేం. ఈ కథ మాకు దూరంగా అనిపించదు.

పటాల్లో ఇట్లాంటి రాజులకన్నా దీవులే ఎక్కువ. ఆస్ట్రేలియాకీ న్యూ కాలెడోనియాకీ మధ్య శాండీ ఐలండ్ అని వొకటుండేది. 1876లో వెలాసిటీ అనే తిమింగలాల వేట ఓడ అక్కడ ఇసుకదిబ్బలు చూశామని చెప్పింది. ఆ మాట సముద్రపటాల్లోకి పోయింది, కాగితం నుంచి కంప్యూటర్ల లెక్కల్లోకీ పోయింది. ఫ్రాన్సువాళ్ళు 1970లలోనే తమ పటాల్లోంచి తీసేసినా మిగతావాళ్ళు వుంచుకున్నారు. 2012 నవంబరులో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు సదర్న్ సర్వేయర్ అనే ఓడలో సరిగ్గా ఆ చోటికి పోయారు. అడుగున వెయ్యీ మూడువందల మీటర్లకి పైగా నీళ్ళు! దీవిమీదుగానే ఓడ నడిచిపోయింది. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో బెర్మెహా అనే దీవి కోసం మెక్సికో 2009లో వెతికించింది. చమురు హద్దులకి అది కావాలి. దొరకలేదు. అమెరికానే పేల్చేసిందని అనుమానపడిన వాళ్ళున్నారు గానీ, అసలు వుందా అని అడిగినవాళ్ళు తక్కువ. మన దేశానికి పటం గీసిన జేమ్స్ రెన్నెల్ కూడా 1798లో పశ్చిమాఫ్రికాలో కాంగ్ పర్వతాలని గీశాడు. ఆయన అక్కడికి పోలేదు. తొంభై ఏళ్ళ తర్వాత బింగర్ అనే ఫ్రెంచివాడు నడిచిపోయి చూస్తే కొండల్లేవు.

ఇందులో తప్పెవరిది? మేం తరచూ వాదించుకునే ప్రశ్న ఇది. మొదట చూసినవాణ్ణి తప్పుపట్టడం కష్టం. మబ్బు వొడ్డులా కనపడొచ్చు, తేలే నురగరాళ్ళు ఇసుకదిబ్బలా కనపడొచ్చు. మా పేచీ రెండోవాడితో. అతను చూడలేదు, ఇంకొకరి పటం చూసి గీశాడు. తను చూసిన రేవుకీ, విన్న దీవికీ వొకే సిరా వాడాడు. అక్కడ పొరపాటు అబద్ధమయింది. హదీసు శాస్త్రంలో ఇస్నాద్ అని వొక కట్టుబాటుంది. ఏ మాటయినా ఎవరు ఎవరి దగ్గర విన్నారో ఆ పేర్ల గొలుసుతో సహా చెప్పాలి. గొలుసు తెగితే మాట బలహీనం. మతంతో పనిలేనివాళ్ళు కూడా వొప్పుకోదగ్గ న్యాయం ఇది. పటానికి ఇస్నాద్ వుండదు. ఎవరు చెప్పారో రాయదు, చూపిస్తుంది అంతే.

పదిమందిని అడిగితే సరిపోతుందా? అదీ సరిపోదు. సిసిలీలో రోజర్ రాజు కొలువులో అల్ ఇద్రీసీ 1154లో ప్రపంచపటం పూర్తి చేశాడు. అందులో దక్షిణం పైన వుంటుంది. ప్రయాణికుల్ని కలిపీ, విడివిడిగానూ ప్రశ్నించి, అందరి మాటా కలిసినదే తీసుకున్నారని ముందుమాటలో వుంది. ఇంత జాగ్రత్త పడ్డా వాక్‌వాక్ దీవులు పటంలోకి వచ్చాయి. సరందీబు, అంటే సింహళం, బ్రహ్మాండంగా వచ్చింది. మన ద్వీపకల్పం మాత్రం దాదాపు మాయమైంది. అందరూ వొకే పాత మాట విని వుంటే, వాళ్ళ మాటలు కలవడంలో వింతేముంది?

కొంత నిజాయితీ బ్రిటిషు నౌకాదళం పటాల్లో కనిపిస్తుంది. అనుమానమున్న దీవి పక్కన పి.డి. అనో ఇ.డి. అనో రాసేవాళ్ళు. మొదటిది చోటు అనుమానం, రెండోది ఉనికే అనుమానం. 1875లో కెప్టెన్ ఎవాన్స్ పసిఫిక్ పటం నుంచి 123 దీవుల్ని కొట్టేశాడు. వాటిలో మూడు నిజంగానే వున్నాయని తర్వాత తేలింది. పోయి చూడకుండా గీయడం లాంటిదే పోయి చూడకుండా కొట్టేయడం కూడా.

రేపల్లె వైపు వాళ్ళకి ఇదంతా కొత్త కాదు. కొల్లూరు, భట్టిప్రోలు పక్కన కృష్ణలో లంకలున్నాయి. వరదొస్తే కోసుకుపోతాయి, ఇంకోచోట మేట వేస్తుంది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకలు మునిగిపోయాయి. నది తిన్న నేలకి పట్టా మిగులుతుంది. కొత్తగా లేచిన మేట మీద దున్నుకునేవాడికి కాగితం వుండదు. నేల కదిలినా కాగితం కదలదు. తిరగేసిన సంగతీ వుంది. 1916 నుంచీ తెనాలి రైలు రేపల్లె పోతోంది. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడదీసినప్పుడు రేపల్లె బాపట్ల జిల్లాలోకి పోయి, తెనాలి గుంటూరులో వుండిపోయింది. ఎవరూ మూట సర్దుకోలేదు. చిరునామాలే మారాయి.

ఇక మా సంగతి. "మీదే వూరు?" అంటారు. "తెనాలి" అంటాం. "అది సరే, అసలు వూరు?" ఆ రెండో ప్రశ్న అడిగేవాడి పటంలో మాకోసం వొక దీవి వుంది. అతను చూడలేదు, మేమూ చూడలేదు. కానీ అక్కణ్ణించి రాలేదని రుజువు చేయాల్సింది మేమే. క్రికెట్ మాచ్ రోజు వొకసారి, ఎన్నికలప్పుడు వొకసారి. లేనిదాన్ని లేదని ఎట్లా చూపించాలి? శాండీ ఐలండ్‌కయితే ఓడలో పోయారు. ఇక్కడ ఎన్నిసార్లు మీదుగా నడిచినా దీవి కొంచెం పక్కకి జరుగుతుంది.

ఆ దీవిని గీసింది బయటివాళ్ళు మాత్రమే అంటే మేం వొప్పుకోం. అరబ్బు నుంచి వచ్చాం, ఇరాన్ నుంచి వచ్చాం అని షజరాలు చూపించే ఖాందానీ పెద్దలు మనలోనే వున్నారు. వచ్చినవాళ్ళు లేకపోలేదు. గోల్కొండ కాలంలో మచిలీపట్నంలో ఇరాన్ వర్తకులుండేవాళ్ళు. కానీ నాలుగు ఓడల్లో వచ్చినవాళ్ళ కథని వూరందరి కథగా గీస్తే, అదే పటంలో నూర్‌బాషాలకి చోటు లేకుండా పోతుంది. తరతరాలుగా దూది ఏకి, తెలుగే మాట్లాడుతూ ఈ నేలమీదే వున్నవాళ్ళు వాళ్ళు. "దూదేకులోళ్ళు ముస్లిములెట్లా అవుతారు?" అని జమాతులో కూచున్న పెద్దమనిషి అంటాడు. "సాయిబులేగా" అని బజారు అంటుంది. ఇద్దరూ వాళ్ళ గుమ్మం తొక్కి చూడరు.

అందుకని ఈమధ్య మేం వొక పని చేస్తున్నాం. అసలు వూరు అడిగిన వాళ్ళనీ, షజరా చూపించిన వాళ్ళనీ వొకే ప్రశ్న అడుగుతున్నాం: ఈ సంగతి మీకెవరు చెప్పారు? వాళ్ళకెవరు చెప్పారు? కోపం లేకుండానే అడుగుతాం. గొలుసులో రెండో పేరు దగ్గరే చాలామంది ఆగిపోతారు. కాసేపు చూసి, "అందరూ అంటారుగా" అంటారు.